శబ్దం పెరిగింది, బండి మాత్రం కొండెక్కట్లేదు

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

వయసు 29. తండ్రితో కలిసి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు చూసుకుంటున్నారు. రెండేళ్ల కిందట 2018 మోడల్ పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 1.2 లీటర్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు. డబ్బులో సగం తండ్రి చిట్టీ పాడి ఇచ్చారు. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లేటప్పుడు ఘాట్‌లో బండి లాగట్లేదని అక్క భర్తతో అన్నారట. ఆ బావకి విజయనగరంలో కారు యాక్సెసరీస్ షాపు ఉంది. ‘ఇంజిన్‌కి ఊపిరాడట్లేదు, పొగ గొట్టం ఫ్రీ చేస్తే పది హార్స్‌పవర్ పెరుగుతుంది’ అని ఆయన భరోసా ఇచ్చారు. వెనక సైలెన్సర్, మధ్యలో ఉండే రెజొనేటర్ డబ్బా తీసేసి రెండున్నర అంగుళాల స్టీలు గొట్టం వేశారు. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి దిమ్మను బయటికి తీసి, డొల్ల డబ్బాను మళ్లీ బిగించారు. ఇంజిన్ లైటు వెలిగితే కన్వర్టర్ వెనక ఉండే ఆక్సిజన్ సెన్సర్ కింద దాన్ని పొగకి దూరంగా జరిపే చిన్న ముక్క, స్పేసర్, పెట్టి ఆర్పేశారు. కూలి తీసుకోలేదు, సామాను ఖర్చు మాత్రమే.

మొదట్లో ఫ్రెండ్స్ అంతా మెచ్చుకున్నారు. తర్వాత మైలేజీ పద్దెనిమిది నుంచి పద్నాలుగుకి పడింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బానెట్ లోపల టిక్ టిక్‌మని శబ్దం, బండి వేడెక్కాక అది పోతుంది. గొట్టం చివర నల్లటి మసి. పార్వతీపురంలో పుట్టింటికి వెళ్లి వచ్చినప్పుడల్లా భార్యకు తలనొప్పి, ఏడు నెలల పాప దారంతా మగతగా పడుకుని ఇంటికొచ్చాక వాంతి చేసుకుంటోంది. పక్కింటి రిటైర్డ్ మాస్టారు, రజ పండక్కి పోడపిఠా పంపించే ఒడియా కుటుంబం, ఇప్పుడు ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారు. ఒకసారి ఆంధ్రలో చెకింగ్‌లో ఆపి చలానా రాశారు. అన్నిటికన్నా బాధ పెట్టింది తండ్రి. గుండెకి స్టెంట్ వేయించుకున్న మనిషి, విశాఖలో చెకప్‌కి వెళ్లాల్సిన రోజు, ఇంట్లో కారు ఉండగా, ఎవరికీ చెప్పకుండా రైలెక్కి వెళ్లి వచ్చారు.

ఆయన ప్రశ్నలు ఇవి. నిజంగా పవర్ పెరిగిందా? శబ్దం తగ్గించి పవర్ ఉంచుకునే మార్గం ఉందా? పాతది మళ్లీ బిగిస్తే బావ అవమానంగా తీసుకుంటాడు, అక్కకి మాట వస్తుంది, ఏం చేయాలి? అసలు బండి అమ్మేస్తే మేలా?

* * *

మీ ప్రశ్నలన్నిటికీ సమాధానం చెబుతాను. కానీ మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి ఉంది. ముందు దాని దగ్గర ఆగాలి. మీ భార్యకు తలనొప్పి, పాపకు మగత, వాంతి. ఘాట్ మలుపుల వల్ల అనుకుంటున్నానని రాశారు. మలుపుల వల్లే అని తేల్చేసుకోకండి. ఆ తలనొప్పిని, పొద్దుటి టిక్ టిక్‌ని, పడిపోయిన మైలేజీని, గొట్టం చివరి మసిని పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగూ ఒకే చోటి నుంచి వస్తుండవచ్చు.

చల్లటి ఇంజిన్‌లో వినిపించి వేడెక్కాక పోయే టిక్ టిక్ చాలాసార్లు ఎగ్జాస్ట్ జాయింట్ లీకేజీ. ఇనుము వేడికి వ్యాకోచిస్తే సందు మూసుకుంటుంది, శబ్దం ఆగుతుంది. మీ బండిలో కన్వర్టర్ డబ్బా విప్పి మళ్లీ బిగించారు కాబట్టి అక్కడి గ్యాస్కెట్, అంటే జాయింట్ మధ్య సందు మూసే పొర, సరిగ్గా కూర్చోకపోయి ఉండే అవకాశం ఎక్కువ. ఆ సందులోంచి రెండు పనులు జరుగుతాయి. ఒకటి, బయటి గాలి కొంచెం లోపలికి వెళ్లి ముందున్న ఆక్సిజన్ సెన్సర్‌కి తగులుతుంది. ‘పెట్రోల్ తక్కువైంది, గాలి ఎక్కువైంది’ అని సెన్సర్ చెబుతుంది, కంప్యూటర్ నమ్మి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడడం, మసి రావడం అందుకే. రెండు, కాలిన వాయువు బానెట్ కిందికి వచ్చి, అద్దం దగ్గరున్న గాలి ద్వారంలోంచి క్యాబిన్‌లోకి చేరుతుంది.

ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మామూలుగా దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేసేది కన్వర్టర్ లోపలి దిమ్మే. మీ బండిలో ఇప్పుడు అది లేదు. పైగా పెట్రోల్ ఎక్కువ పోస్తున్న ఇంజిన్‌లో ఈ వాయువు మరింత పుడుతుంది. పసిపిల్లలు పెద్దలకన్నా వేగంగా ఊపిరి తీస్తారు, కాబట్టి ముందు దెబ్బ వాళ్లకే.

లీకేజీ ఉందని ఇక్కడ కూర్చుని నేను తీర్పు చెప్పలేను. కానీ లేదని తేలేదాకా మీ భార్యనూ పాపనూ ఆ బండి ఎక్కించకండి. అద్దాలు దించుకుంటే సరిపోతుందనుకోవద్దు, వెనకనుంచి పొగ లోపలికి సుడి తిరగవచ్చు. షెడ్డులో బండి స్టార్ట్ చేసి ఉంచకండి. పాపని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, కారులో వెళ్లి వచ్చినప్పుడే ఇలా అవుతోందని, కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉందని ఆ మాట వాడి చెప్పండి. వేలికి తగిలించే ఆక్సీమీటర్ ఇలాంటప్పుడు బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. రక్త పరీక్షలోనే తెలుస్తుంది.

చెక్ చేయడం పెద్ద పని కాదు. పొద్దున్న, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట స్టార్ట్ చేయించి, ఒకరు గొట్టం చివర మందపాటి తడిగుడ్డని వదులుగా కొన్ని సెకన్లు అడ్డుపెట్టాలి. మెకానిక్ జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లు చల్లి చూస్తాడు. బుడగ లేచిన చోట లీకు. లేదా బండి లేపి చూస్తే జాయింట్ చుట్టూ నల్లటి చారలు కనిపిస్తాయి. రాయగడలో ఏ మంచి మెకానిక్ అయినా చేయగలడు. దీనికి విజయనగరం దాకా వెళ్లక్కర్లేదు.

ఇక పవర్ సంగతి.

‘ఇంజిన్‌కి ఊపిరాడట్లేదు’ అన్న మాటలో కొంత నిజం ఉంది. కాలిన వాయువు బయటికి పోవడానికి అడ్డు ఎంత తక్కువైతే ఇంజిన్ అంత తేలిగ్గా తిరుగుతుంది. అయితే ఆ అడ్డు లెక్కలోకి వచ్చేది ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి 5,000, 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గర ఇంజిన్ తిరుగుతున్నప్పుడు. మీలాంటి 1.2 లీటర్ ఇంజిన్లు 80 నుంచి 90 హార్స్‌పవర్ ఇస్తాయి, అదీ 6,000 దగ్గర. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని ఇలాంటి చిన్న ఇంజిన్‌కి సైలెన్సర్ మారిస్తే ఒకటో రెండో హార్స్‌పవర్ పెరగవచ్చు, అసలు తేడా తేలకనూ పోవచ్చు. పది పెరుగుతుందన్నది టర్బో బండ్ల విషయంలో, అదీ ముందు గొట్టంతో పాటు కంప్యూటర్ ట్యూనింగ్ కూడా మార్చినప్పుడు వినే మాట. మీ బావ ఆ బండ్ల మాటని మీ బండికి చెప్పారు.

మరి ఘాట్‌లో మీరు ఇంజిన్‌ని ఎక్కడ తిప్పుతున్నారు? మూడో గేర్‌లో, రెండు వేలు, రెండున్నర వేల దగ్గర అని మీరే రాశారు. అక్కడ కావలసింది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. కాలిన వాయువు ఒక్కో సిలిండర్ నుంచి ఒక్కో తోపుగా వస్తుంది. ఆ తోపు గొట్టంలో వేగంగా పోతే, దాని వెనక ఏర్పడే తక్కువ పీడనం తర్వాతి సిలిండర్‌లోని పొగని లాగుతుంది. కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం సన్నగా ఎందుకు ఉంటుందో మన ఇళ్లలో అమ్మమ్మలకి తెలుసు. అదే ఊపిరిని లావు వెదురులోంచి ఊదితే నిప్పు రాజుకోదు. కంపెనీ వేసిన గొట్టం మీ ఇంజిన్ వదిలే పొగకి తగ్గ లావు. దాని బదులు రెండున్నర అంగుళాలది వేస్తే తక్కువ ఆర్‌పీఎంలో వాయువు నెమ్మదిస్తుంది, ఆ లాగుడు పోతుంది. ఎక్కడ మీకు బలం కావాలో అక్కడే తగ్గింది. ‘ముందుకన్నా ఇప్పుడే ఘాట్‌లో ఎక్కువసార్లు రెండో గేర్ వేయాల్సి వస్తోంది’ అని రాశారు చూడండి, అది భ్రమ కాదు.

కొండ దగ్గర ఇంకో లెక్క ఉంది. టర్బో లేని ఇంజిన్ ప్రతి వంద మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక శాతం పవర్ పోగొట్టుకుంటుంది, గాలి పలచబడుతుంది కాబట్టి. రాయగడ రెండు వందల మీటర్ల చిల్లర ఎత్తులో ఉంది, కోరాపుట్ దాదాపు 870 మీటర్లు. సముద్ర మట్టం దగ్గర 85 హార్స్‌పవర్ ఉన్న బండి కోరాపుట్‌లో 78 దగ్గర ఉంటుంది. గొట్టం ఇచ్చేది ఒకటో రెండో అయితే, కొండ తీసుకునేది ఏడు. దాని మీద నలుగురు మనుషులు, డిక్కీ నిండా బట్టల మూటలు. మీ బండిలో మొదటినుంచీ లోపం ఏమీ లేకపోయి ఉండవచ్చు. చిన్న ఇంజిన్ కొండ మీద అలాగే ఉంటుంది. గేర్ దించి 3,500 పైన తిప్పితేనే లాగుతుంది, అలా తిప్పడం ఇంజిన్‌కి చేటు కూడా కాదు. మనవాళ్లకి పెట్రోల్ మీద జాగ్రత్త ఎక్కువ. పై గేర్‌లోనే గునగునమనిపిస్తూ ఎక్కిస్తారు, బండి లాగట్లేదంటారు. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, టైర్ల గాలి, క్లచ్ జారుతోందా అన్నది ఒకసారి చూపించుకోండి. సెకండ్ హ్యాండ్ బండిలో క్లచ్ అరిగి ఉంటే ఘాట్‌లోనే బయటపడుతుంది.

మీకు నమ్మకం కుదరకపోతే పరీక్ష ఉంది. మీ స్నేహితుడికి ఇదే మోడల్ ఉందన్నారు, కంపెనీ సైలెన్సర్‌తో. ఖాళీగా ఉన్న సాపు రోడ్డు మీద, పగటిపూట, రెండు బండ్లలోనూ మూడో గేర్‌లో 30 నుంచి 60 దాకా పోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో పక్కన కూర్చున్న మనిషి ఫోన్‌లో చూడాలి. రెండు వైపులా వెళ్లి సగటు తీయండి. లీకు సరిచేయించాకే సుమా. చెవి చెప్పేదాన్ని పక్కన పెట్టి గడియారం చెప్పేది వినండి. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు అందరికీ అనిపిస్తుంది, మీ ఒక్కరికే కాదు. మొదటి నెలల్లో మీరు పడ్డ ఆనందం నిజమే, అది శబ్దం ఇచ్చిన ఆనందం. దాన్ని తప్పుపట్టను.

శబ్దం గురించి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకి రెండుసార్లు పేలుతుంది. 3,000 ఆర్‌పీఎం అంటే సెకనుకి వంద పేలుళ్లు. రెండు వేల దగ్గర సెకనుకి 67. ఆ లోతైన హోరు క్యాబిన్‌లో గుమ్మంటూ నిలబడిపోతుంది. దాన్ని చంపడానికే మధ్యలో రెజొనేటర్ డబ్బా ఉంటుంది. వెళ్లే తరంగాన్ని దానికి ఎదురుగా ఇంకో తరంగాన్ని పంపి రద్దు చేస్తుంది. వెనక సైలెన్సర్ మిగతా శబ్దాన్ని రంధ్రాల గొట్టాల్లో, పీచులో ఇంకించేస్తుంది. మీరు రెండూ తీసేశారు. రాయగడ నుంచి విశాఖ దాకా ఆ హోరులో కూర్చోవడం, గుండె జబ్బు మనిషికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. మీ నాన్నగారు కోపంతో రైలెక్కారని మీరు అనుకుంటున్నారు. ఆయన ఆ బండిలో కూర్చోలేకే వెళ్లి ఉండవచ్చు. చెబితే మీరు నొచ్చుకుంటారని చెప్పి ఉండరు. ఆయన్ని అడగండి. ‘నాన్నా, బండిలో కూర్చుంటే ఇబ్బందిగా ఉందా?’ అంతే. ‘ఎందుకు చెప్పకుండా వెళ్లారు?’ అని మాత్రం మొదలుపెట్టకండి.

మన దేశంలో తొమ్మిది సీట్ల లోపు కార్లకి తయారీ దశలో శబ్ద పరిమితి 74 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45. మీరు కొట్టు కట్టేసి పదిన్నరకి వీధిలోకి వస్తారు. మాస్టారు మీతో ఎందుకు మాట్లాడట్లేదో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పని పూర్తయ్యేదాకా ఆగకుండా ఇవాళే వాళ్లింటికి వెళ్లి, ఒడియాలోనే, ‘బండి బాగుచేయిస్తున్నాను, ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టాను’ అని చెప్పండి. అంతదాకా బండిని కొట్టు దగ్గరే వదిలి నడిచి రండి.

చట్టం కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం కేంద్రానిది, గట్టుకి ఇవతల ఒకటి అవతల ఒకటి ఉండదు. 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధమైన మార్పుల్ని ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత 182ఎ కింద యజమానికి ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. శబ్దం, పొగ విషయంలో 190(2) కింద పది వేల దాకా జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుకి అనర్హత కూడా ఉంది. మీకు చలానా ఒక్కసారే పడింది. ఓడీ 18 అనే రాయగడ నంబరుతో అవతలి జిల్లాలకి తిరిగే బండి కళ్లలో పడుతూనే ఉంటుంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ఇది ఒక సాకు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

అన్నీ పాతవి తిరిగి బిగించడం ఒకటి. కన్వర్టర్, రెజొనేటర్, సైలెన్సర్, కొత్త గ్యాస్కెట్లు, స్పేసర్ తీసేయడం. ఘాట్‌లో కింది బలం తిరిగి వస్తుంది, మైలేజీ వస్తుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ నిజంగా వస్తుంది. ఇబ్బంది ఖర్చు. కన్వర్టర్ చవక వస్తువు కాదు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. అందుకే ముందు బావని ఒక్క మాట అడగాలి, తీసిన దిమ్మ ఎక్కడుందని. పాత కన్వర్టర్లు కొనేవాళ్లు ఉన్నారు, దానికి ధర ఉంది. ఆయన దాచుకున్నారని నేను అనడం లేదు, కుర్రాళ్లు తుక్కులో వేసి ఉండవచ్చు. దిమ్మ పగలకుండా దొరికినా మళ్లీ గట్టిగా అమర్చడం కుదరకపోవచ్చు, మెకానిక్ చూసి చెప్పాలి. సైలెన్సర్, రెజొనేటర్ దొరికితే మాత్రం ఖర్చు బాగా తగ్గుతుంది.

రెండోది మధ్యే మార్గం. కన్వర్టర్, రెజొనేటర్ కంపెనీవి పెట్టి, వెనక సైలెన్సర్ మాత్రం కాస్త గంభీరంగా పలికేది ఉంచుకోవడం. గొట్టం లావు కంపెనీ కొలతే ఉంటే కింది బలం పెద్దగా పోదు. ఆరోగ్యం విషయంలో భయం తీరుతుంది, హోరు చాలా తగ్గుతుంది. కానీ చట్టం ముందు ఇది కూడా మార్పే, పోలీసు ఆపితే వాదన ఉండదు. మీ నాన్నగారికి ఆ కొంచెం శబ్దమైనా సరిపడుతుందా అన్నది ఆయన కూర్చుని చెప్పాలి.

అమ్మేయడం మూడోది. ఇలాగే అమ్మితే తెలిసినవాడు ధర తెగ్గొడతాడు, తెలియనివాడికి అంటగడితే అతని పిల్లలకి ఈ తలనొప్పి. బాగుచేయించి అమ్మితే ఎలాగూ ఖర్చు పెట్టారు కాబట్టి, కొన్నాళ్లు నడిపి చూడడమే మేలనిపిస్తుంది నాకు. కోరాపుట్ ఘాట్ తరచుగా ఎక్కాల్సిన పని నిజంగా ఉంటే, రేపు మార్చేటప్పుడు చిన్న టర్బో పెట్రోల్ బండి చూడండి. ఎత్తులో అది చాలా తక్కువ బలం పోగొట్టుకుంటుంది.

ఇలాగే వదిలేయడం నాలుగోది. లీకేజీ మాట తేలాక దాన్ని మీరే ఎంచుకోరు.

ఇక బావ. ఆయన ప్రేమతోనే చేశారు, కూలి కూడా పుచ్చుకోలేదు. అందుకే పనిని ఆయన చేతిలోంచి లాక్కుని ఇంకెక్కడో చేయిస్తే నొచ్చుకుంటారు. ఫోన్‌లో కాకుండా మనిషిగా వెళ్లి, అక్కని మధ్యలోకి తేకుండా, పాప సంగతితో మొదలుపెట్టండి. ‘బావా, పాపకి వాంతులవుతున్నాయి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, బండిలో పొగ లోపలికి వస్తోందేమోనని అనుమానం. కన్వర్టర్ తిరిగి పెట్టించాలి. ఎక్కడ మంచిది దొరుకుతుందో నువ్వే చెప్పు.’ పది హార్స్‌పవర్ మాట ఎత్తకండి. మేనకోడలి ఆరోగ్యం ముందు ఎవరి పనితనమూ ఓడిపోయినట్టు కాదు. ఆయనే సామాను తెప్పించే అవకాశం ఎక్కువ. ఒకవేళ ‘ఏమీ కాదులే’ అని కొట్టిపారేస్తే, అప్పుడు మారు మాట్లాడకుండా కంపెనీ సర్వీసులో చేయించుకోండి. ఆయన నాలుగు రోజులు అలుగుతారు. అక్కకి మాత్రం మీరే ముందుగా విషయం చెప్పి ఉంచండి, ఇంకొకరి నోటి నుంచి వినకూడదు.

బండి బాగయ్యాక మొదటి ప్రయాణం మజ్జిగౌరమ్మ గుడి దాకా నాన్నగారితో పెట్టుకోండి, దగ్గరే కదా, ఆయనకి ఎలా ఉందో తెలుస్తుంది. పాపని మాత్రం మెకానిక్ లీకు లేదని చెప్పి, మీరు ఒక్కరే అద్దాలు వేసుకుని గంటసేపు నడిపి తలనొప్పి ఏమీ రాలేదని చూసుకున్నాకే ఎక్కించండి. బండి లోపల పెట్టుకునే చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం దొరుకుతుంది, ఒకటి కొని బండిలో ఉంచండి. పాప డాక్టరు ఏమన్నారో నాకు రాయండి.